తెల్ల కారు, తుప్పు క్లిప్పు

ఈర్ష్య మనిషికి తోటి మనిషిని చూస్తేనే పుడుతుందని చాలాకాలం అనుకున్నాను. నాకు ఒక చిన్న తెల్ల కారును చూసి పుట్టింది. ఆ కారు నాది కూడా కాదు.

పోర్ట్ బ్లెయిర్‌లో ఫీనిక్స్ బే జెట్టీకి వెళ్ళే దారిలో నాకు ఒక షెడ్డు ఉండేది. ముందు స్పేర్ పార్టుల కౌంటరు, వెనక రిపేర్ల చోటు. జుట్టు నల్లగా ఉన్నప్పుడు షట్టర్ ఎత్తాను, అసలు జుట్టే లేనప్పుడు దించాను. కొత్తగా కారు కొనుక్కుని, బానెట్ తీసే మీట ఎక్కడుందో ఫోనులో వెతుక్కునే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మా దీవుల పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు గాని, చదవమంటే నీళ్ళు నములుతారు. ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా చదివి వినిపిస్తే చాలు. కాస్త నవ్వుకున్నా నేనేమీ అనుకోను.

మా నాన్నది బజార్లో కిరాణా కొట్టు. పక్కది పెదనాన్న బట్టల కొట్టు, ఎదురుగా మేనమామ ఇనుప సామాన్ల కొట్టు. నేను నడక నేర్చింది కౌంటర్ల మధ్య, మాటలు నేర్చింది బేరాల మధ్య. మా ఇళ్ళన్నింటిలో ఒకటే పద్ధతి: అమ్ముడుపోయే సరుకు ఇంటి గడప తొక్కకూడదు. పురుగు తగిలిన కందిపప్పు, నలిగిన టమాటాలు, విరిగిన బిస్కెట్లు, ఇవే మాకు. బిస్కెట్ గుండ్రంగా ఉంటుందన్న సంగతి నాకు బడిలో పక్కవాడి డబ్బా చూస్తేనే తెలిసింది. పెదనాన్న పిల్లలు రంగు వెలిసిన చొక్కాలు తొడుక్కునేవాళ్ళు. మేనమామ ఇంటి తలుపు గొళ్ళెం అయితే ఎప్పుడూ పడేది కాదు.

ఆ పద్ధతినే నేను షెడ్డుకీ తెచ్చుకున్నాను. పార్టులన్నీ ఓడమీద రావాలి. సముద్రం బాగుండకపోతే ఓడ రాదు, ఓడ రాకపోతే కౌంటరు ఖాళీ. అలాంటప్పుడు ఉన్న మంచి పార్టు ఎవరికి పెట్టాలి? గిరాకీకే కదా. నా సొంత వ్యానులో మాత్రం ఇతరుల కార్లలోంచి ఊడదీసినవి, ఎవరూ కొననివి, కాస్త వంకరవి ఉండేవి. దూరం నుంచి దాని చప్పుడు విని ఫలానా వాడు వస్తున్నాడని జనం గుర్తుపట్టేవాళ్ళు.

ఇక తెల్ల కారు. అది ఒక టీచరమ్మది. తెలుగు పాఠాలు చెప్పేది, మా వైపు వాళ్ళే, తాతల నాడు శ్రీకాకుళం సముద్రపుటొడ్డు నుంచి వచ్చినవాళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. కారు కొన్న కొత్తలోనే నా దగ్గరికి తెచ్చింది, ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఇంకో షెడ్డు మొహం చూడలేదు. నెలకోసారి వచ్చేది. వచ్చినప్పుడల్లా బేరం. ఆవిడ బేరమాడుతుంటే నాకు బజార్లో మా పెద్దవాళ్ళు గుర్తొచ్చేవాళ్ళు. కోపం రాదు, గొంతు పెరగదు, లేచి వెళ్ళిపోతున్నట్టు రెండడుగులు వేసి కళ్ళజోడు మర్చిపోయినట్టు వెనక్కి వస్తుంది. నేను "ఇదే ఆఖరు మాట" అనేవాణ్ణి. ఆవిడ నవ్వేది. నా ఆఖరు మాట తర్వాత ఇంకా ఎన్ని మాటలుంటాయో ఆవిడకు తెలుసు. నిజం చెప్పాలంటే కొన్నిసార్లు ధర ఎక్కువ చెప్పింది లాభం కోసం కాదు, ఆవిడ ఇంకాసేపు ఉంటుందని.

మా ఆవిడ దీన్ని మొదటి నుంచీ కనిపెట్టింది. "ఆ కారొచ్చిన రోజు మీరు తల దువ్వుకుంటారేటండీ" అని అడిగింది ఒకసారి. "జుట్టు రాలుతోంది, అందుకే" అన్నాను.

అన్నీ సవ్యంగా సాగుతుండగా ఒక రోజు ఆ కారు బానెట్ ఎత్తాను. బ్యాటరీ టెర్మినళ్ళు తళతళలాడుతున్నాయి. తెల్ల పొడి ఒక్క రవ్వ లేదు. పైన పల్చగా గ్రీజు. మా గాలిలో ఉప్పు ఎక్కువ, గీకి గ్రీజు రాయకపోతే టెర్మినళ్ళు నెలలోపే బూజు పట్టినట్టవుతాయి. ఆ గీకే పని నాది. అక్కడ వేరే చెయ్యి పడింది. మన ఇంటి గుమ్మం ముందు తెలియని చెప్పుల జత చూసినట్టయింది.

"ఇది ఎవరు చేశారు టీచరమ్మా?"

"నేనే" అంది.

"మీకు ఎవరు చెప్పారు?"

అప్పుడు బయటపడింది. ఓడ ఇంజన్ రూములో పనిచేసి రిటైరైన పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు, తెలుగు చర్చిలో పెద్ద. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో, చింతచెట్టు కింద, కార్లున్నవాళ్ళకి పాఠాలు చెబుతున్నాడు. ఏ మతం వాళ్ళైనా రావచ్చు, ఫీజు లేదు, పైగా చివర్లో టీ. టైరు మార్చడం, ఆయిల్ చూసుకోవడం, రేడియేటర్‌లో నీళ్ళు ఎప్పుడు చూడాలి, బీచ్‌కి వెళ్ళొచ్చాక కారు అడుగు భాగం మంచినీళ్ళతో ఎందుకు కడగాలి. నేను ఇన్నేళ్ళూ కౌంటరు వెనక దాచుకుని, చిటికెలు చిటికెలుగా అమ్ముకున్నదంతా ఆ మనిషి టీతో పాటు పంచిపెడుతున్నాడు.

"ఓడ ఇంజనుకీ కారు ఇంజనుకీ సంబంధం ఏముందమ్మా?" అన్నాను.

"మీరూ వచ్చి చూడండి. చాలా చక్కగా చెప్తారు" అంది.

చక్కగా. నాతో ఇన్నేళ్ళలో ఆ మాట ఎప్పుడూ అనలేదు. నేను చక్కగా చెప్పలేదు నిజమే, అసలు చెప్పనే లేదు. అయినా.

ఆ తర్వాత నెలకోసారి వచ్చే కారు రెండు నెలలకోసారి రావడం మొదలైంది. తర్వాత కౌంటర్లో ఏదో చిన్న పార్టు కొనుక్కుని, ఇంజన్ ఆపకుండానే వెళ్ళిపోయేది. నేను ఆదివారాలు స్కూటర్ మీద చర్చి గోడ పక్క నుంచి వెళ్ళేవాణ్ణి, చేపల బజారుకని చెప్పి. చేపల బజారు అటు కాదు. గోడ మీదుగా ఆయన తెల్ల చొక్కా, ఆయన చుట్టూ తలలు, ముందు వరుసలో ఆవిడ తల కనిపించేవి. ఒకసారి ఆవిడ ఏదో అడిగితే ఆయన నవ్వాడు. నాకు ఆ రోజు చేప ముల్లు గొంతులో గుచ్చుకుంది.

మా ఆవిడ ఊరుకోలేదు. "ఆయన నేర్పితే మీకేటి మండుతోంది? ఆయన మీ చేతుల్లోంచి పానా లాక్కోలేదు కదా" అంది. పానా లాక్కుంటే బాగుండేది, ఇంకోటి కొనుక్కునేవాణ్ణి.

అప్పుడు అసలు సంగతి వచ్చింది. టీచరమ్మకు ఉత్తర కొసన డిగ్లీపూర్‌లో ఒక అక్క ఉంది, వరి పండించుకునే మనిషి. ఆవిడకు రెండు కళ్ళకీ పొర కమ్మింది. మెయిన్‌లాండ్ నుంచి కంటి డాక్టర్ వస్తున్నాడని, ఫలానా రోజుకి ఆపరేషన్ చేస్తారని పోర్ట్ బ్లెయిర్ ఆస్పత్రిలో చెప్పారు. ఆ రోజు తప్పితే ఆయన మళ్ళీ ఎప్పుడొస్తాడో ఎవరికీ తెలియదు. అక్క బస్సెక్కనంది. వెనకటిసారి చూపు సరిగా లేక బస్సు మెట్ల మీద పడిపోయిందట. ఫెర్రీ కూడా వద్దంది. చెల్లెలి కారైతేనే వస్తానంది.

డిగ్లీపూర్ దాకా రోడ్డంటే ఇక్కడివాళ్ళకి తెలుసు. జిర్కాటాంగ్ గేటు దగ్గర వరసలో నిలబడాలి. జరావా ఆదివాసులుండే అడవిలో పోలీసులతో కాన్వాయ్‌గా వెళ్ళాలి. మధ్యలో ఆగకూడదు, దిగకూడదు, ఒకరినొకరు దాటకూడదు, అద్దాలు దించకూడదు. అడవి దాటాక బార్జీ మీద బండి ఎక్కించుకుని నీళ్ళు దాటాలి. అవతల మళ్ళీ గతుకుల రోడ్డు. ఫోను పలకదు. ఆవిడ ఆ దారిన ఎప్పుడూ తను నడుపుకుని వెళ్ళలేదు.

నేను వెంటనే డ్రైవరుగా వస్తానన్నాను. ఊరికే, అని కూడా అన్నాను. ఆ మాట నా నోటి నుంచి వినడం ఆవిడకు అదే మొదటిసారి, కాస్త అనుమానంగా చూసింది.

"వద్దు మేస్త్రిగారూ. నేర్చుకున్నాను కదా, నేనే తీసుకొస్తాను."

ఆ 'నేర్చుకున్నాను' నాకు కారం పెట్టినట్టు తగిలింది. ఆ రాత్రి ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాను. నాకు ఆ దారిలోనే ఉన్న రంగత్‌లో పనుందని అందరికీ చెప్పాను. ఆవిడ బయలుదేరే రోజే, అదే కాన్వాయ్‌లో, ఆవిడ వెనకాలే వెళ్ళాలి. తెల్ల కారు ఎక్కడ ఆగితే అక్కడ నేను ప్రత్యక్షమవ్వాలి. ఆగుతుందన్న నమ్మకం నాకుంది. ఆగాలన్న ఆశ కూడా ఉంది, అక్క కళ్ళ విషయం గుర్తొచ్చినప్పుడల్లా ఆ ఆశను కాస్త తగ్గించి, బార్జీ దగ్గర ఒక్క అరగంట ఆగితే చాలనుకునేవాణ్ణి.

వ్యాను నిండా ఆవిడ కారుకి పనికొచ్చేవన్నీ సర్దాను. ఆ కారు సైజు ఫ్యాన్ బెల్టు, ఆ కారు హోసులు, ప్లగ్గులు, పంపు, కొత్త బ్యాటరీ. పెళ్ళికి సారె కట్టినట్టు కట్టాను. నా వ్యాను సంగతి చూడలేదు. దానికేం, విరిగిన బిస్కెట్లు తిని పెరిగిన ఒళ్ళే కదా దానిది కూడా.

తెల్లవారుజామున జిర్కాటాంగ్ గేటు దగ్గర ఆవిడ కారు వరసలో ముందుంది. నేను తోకన ఉన్నాను. ఆవిడ బానెట్ ఎత్తి, ఆయిల్ పుల్ల తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి చూసింది. నలుగురు డ్రైవర్లు వడలు తింటూ చూస్తున్నారు. ఒకడు "దీదీ, మాదీ చూసిపెట్టండి" అన్నాడు. "మీరు తినే చేతులతో ముట్టుకోకండి, నేనొచ్చి చూస్తాను" అని నిజంగానే వెళ్ళి చూసింది. నేను వ్యానులో కిందికి జారి కూర్చున్నాను.

గేటు తీశారు. అడవిలో సగం దూరం పోయామో లేదో, నా ముందున్న ముల్లు కదిలింది. ఇంజన్ వేడి చూపించే ముల్లు. ముందు నెమ్మదిగా, తర్వాత నన్ను వెక్కిరిస్తున్నట్టు పైకి. తీపి తీపిగా కూలెంట్ వాసన. ఎక్కడో హోసు కారుతోంది. ఆగడానికి లేదు. వెనకాల ఎస్కార్ట్ జీపు హారన్ కొడుతోంది, వేగం తగ్గించావేమని.

అలాంటప్పుడు చేసేది ఒకటుంది. అది నా షెడ్డులో నేను ఎవరికీ చెప్పని విద్య. ఏసీ కట్టేసి, హీటర్ పూర్తిగా తిప్పాలి. ఇంజన్ వేడి కొంత మన మీదికి వస్తుంది, ఇంజన్‌కి కాస్త ఊపిరి ఆడుతుంది. అండమాన్‌లో హీటర్ తిప్పే వెర్రివాడు ఎవడుంటాడు? ఆ రోజు ఉన్నాడు. అద్దాలన్నీ ఎత్తి ఉన్నాయి, బయట ఎండ, లోపల ఇడ్లీ పాత్ర. చొక్కా ఒంటికి అంటుకుపోయింది. చెమట కళ్ళలోకి కారుతుంటే ముల్లు చూస్తూ, గేరు చూస్తూ, ముందెక్కడో కనపడని తెల్ల కారుని తిట్టుకుంటూ బార్జీ ఎక్కే మిడిల్ స్ట్రెయిట్ జెట్టీ దాకా లాక్కొచ్చాను. జీపులోంచి కానిస్టేబుల్ దిగి, గాడీ కండిషన్‌లో లేకపోతే జంగిల్‌లోకి ఎందుకు తెస్తారు భయ్యా, అని హిందీలో నా మర్యాద తీశాడు. నేను మెకానిక్‌నని చెప్పుకోలేదు.

బార్జీ వరసలోంచి ఆవిడ నడిచి వచ్చింది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. కిటికీలోంచి చెయ్యి పెట్టి డ్యాష్‌బోర్డు మీద గాలి వచ్చే సందు తాకింది.

"హీటర్ వేశారా మేస్త్రిగారూ?"

నేను గబుక్కున మీట తిప్పి కట్టేశాను. నా విద్య. కన్నకూతురిలా దాచుకున్న విద్య.

"మంచి పని చేశారు. ఆయన మాకు రెండో వారమే చెప్పారు."

బానెట్ తెరిచాను. బుస్సుమంటూ ఆవిరి. బార్జీ అవతలి ఒడ్డు నుంచి బయలుదేరింది, ఇటు వచ్చేలోపు బాగుచేసుకోకపోతే ఈ ట్రిప్పు పోతుంది. గుడ్డ చుట్టి రేడియేటర్ మూత మీద చెయ్యి వేశాను. ఆవిడ నా మణికట్టు పట్టుకుంది.

"ఆగండి. చల్లారనివ్వండి."

"నాకు తెలుసు టీచరమ్మా."

"తెలుసు కాబట్టే చెప్తున్నాను. తెలియనివాళ్ళైతే భయపడి ముట్టుకోరు."

చల్లారేదాకా పక్కపక్కనే నిలబడ్డాం. ఇన్నేళ్ళలో బేరం లేకుండా ఆవిడ పక్కన నిలబడటం అదే మొదలు. చల్లారాక చూస్తే సంగతి చిన్నదే. పై హోసు చివర, క్లిప్పు బిగించే చోట చీలింది. కత్తితో ఆ చివర వేలెడు కోసేసి మళ్ళీ తొడిగితే సరిపోతుంది. కోశాను. కానీ క్లిప్పు? తుప్పు పట్టి, విప్పగానే అరచేతిలో పొడిపొడిగా రాలింది. ఎవరూ కొనకుండా మిగిలిన నాసిరకం క్లిప్పు అది. తుప్పు పట్టని స్టీలు క్లిప్పులు నా కౌంటర్లో డబ్బా నిండా ఉన్నాయి, గిరాకీ కోసం. వ్యానులో వెతికాను. బ్యాటరీ ఉంది, బెల్టుంది, ప్లగ్గులున్నాయి, ఆవిడ కారు హోసులున్నాయి, అవి నా వ్యానుకి సన్నం. క్లిప్పు లేదు.

ఆవిడ తన కారులోంచి ఒక బిస్కెట్ డబ్బా తెచ్చింది. లోపల స్టీలు క్లిప్పులు, చిన్నవి పెద్దవి, సైజుల వారీగా దారం కట్టి ఉన్నాయి.

"ఇన్ని ఎక్కడివి?" అన్నాను, ఆశ పట్టలేక.

"మీ కౌంటర్లోవే. ఆయనే చెప్పారు. కొనేటప్పుడు మాత్రం మేస్త్రిగారి దగ్గరే కొనండి, ఈ ఉప్పుగాలికి ఆగే సరుకు ఊళ్ళో ఆయన ఒక్కరి దగ్గరే ఉంటుంది, కాస్త బేరమాడాలి అంతే, అని."

ఆ నెలల్లో క్లిప్పులు ఎందుకంత పోతున్నాయో నాకు అంతుబట్టలేదు. నా పేరు చూసి వస్తున్నారనుకుని మురిసిపోయి, ఓడకి ఇంకో పెట్టె తెప్పించాను. అదీ ఆయన పంపిన గిరాకీయేనట. మనిషిని ద్వేషించుకోవడానికి కూడా చోటివ్వకపోతే ఎలా?

"ఒక్క క్లిప్పు ఇవ్వండి. ఊరికెళ్ళగానే పది ఇస్తాను" అన్నాను.

ఆవిడ డబ్బా మూత వేసింది. నాకు ఆ కదలిక బాగా తెలుసు, నాదే.

"క్లిప్పుకి క్లిప్పు వద్దు. వచ్చే ఆదివారం క్లాసుకి రండి. ముందు వరుసలో కూర్చోండి."

"వెనక గోడ దగ్గర నిలబడతాను."

"నిలబడితే మధ్యలో జారుకుంటారు. కూర్చోవాలి."

"చివరి వరుస."

"బార్జీ వచ్చేస్తోంది మేస్త్రిగారూ."

"మూడో వరుస. నేనూ ఈ ఊళ్ళో తలెత్తుకు తిరగాలి కదా టీచరమ్మా."

"రెండో వరుస" అంది. "ఇదే ఆఖరు మాట."

నా మాట నాకే అమ్మింది. తీసుకున్నాను. క్లిప్పు బిగించాను, ఆవిడ కారులో ఎప్పుడూ ఉంచే నీళ్ళ క్యాను నుంచి రేడియేటర్ నింపాను. ఆ క్యాను కూడా ఆయన చెప్పిందేనని నేను అడగకముందే చెప్పింది.

బార్జీ దిగాక ఇంకో దెబ్బ ఉంది. "రంగత్‌లో పని కదా, మీరు ముందు వెళ్ళండి. నేను వెనకాలే వస్తాను, మళ్ళీ ఏమైనా అయితే" అంది. అలా రంగత్ దాకా నేను ముందు, నన్ను కనిపెట్టుకుంటూ తెల్ల కారు వెనక. అద్దంలో ఆ కారు ఎప్పుడు చూసినా అక్కడే ఉంది. ఒక్కసారి కూడా దగ్గలేదు, ఆగలేదు. రంగత్‌లో పని ఏదో నాకూ తెలియదు కాబట్టి, ముందు కనిపించిన పశువుల దాణా కొట్టు ముందు ఆపాను. ఆవిడ చెయ్యి ఊపి డిగ్లీపూర్ దారి పట్టింది. నేను ఆ కొట్టువాడితో చాలాసేపు దాణా ధర బేరమాడి, ఏమీ కొనకుండా వచ్చేశాను.

అక్కను అనుకున్న రోజుకే తీసుకొచ్చింది. ఆపరేషన్ అయింది. కట్టు విప్పాక ఆ అక్క మొట్టమొదట అడిగింది, తనని అంత దూరం తెచ్చిన కారుని చూపించమని. ఆ మాట టీచరమ్మ నాకు కౌంటర్లో నిలబడి చెబితే, కడుపులో ఏదో చల్లగా అయింది. దాని పక్కనే మంట కూడా ఉంది, ఆరలేదు.

ఆదివారం రెండో వరుసలో కూర్చున్నాను. ఆయన టైరు మార్చడం చెప్పాడు. జాకీ పెట్టకముందే నట్లు కాస్త వదులు చేయాలన్నాడు, చక్రాలకి రాయి అడ్డం పెట్టాలన్నాడు, స్టెప్నీలో గాలి ఉందో లేదో ఇంటి దగ్గరే చూసుకోవాలన్నాడు. తప్పు దొరుకుతుందని చెవులు రిక్కించి విన్నాను. దొరకలేదు. టీ మాత్రం పల్చగా ఉంది, ఆ మాట మా ఆవిడతో రెండుసార్లు చెప్పాను. చివర్లో ఆయన నా దగ్గరికి వచ్చి, హోసుల సంగతి మీరు చెప్తే బాగుంటుంది భయ్యా, ఓడలో నాకు అంత చిన్న హోసులు అలవాటు లేదు, అన్నాడు. తర్వాతి వారం చెప్పాను. నేను మాట్లాడుతుంటే ముందు వరుసలో టీచరమ్మ తల తిప్పి ఆయన వైపు చూసింది, నేను చెప్పేది నిజమేనా అన్నట్టు. ఆయన తల ఊపాడు. అప్పుడు గాని ఆవిడ రాసుకోలేదు.

ఆ చూపు నేను చాలా కాలం మోశాను.

కొన్నాళ్ళకు ఆవిడ క్లాసుకి రావడం తగ్గించింది. నా కౌంటరుకీ రావడం లేదు. ఒక సాయంత్రం నేనూ ఆయనా నా వ్యానులో, ఇప్పుడు దాని ఒంట్లో అన్నీ కౌంటర్లో సరుకే, బజారు మీదుగా వస్తుంటే, రోడ్డు పక్కన తెల్ల కారు ఆగి ఉంది. బానెట్ ఎత్తి ఉంది. నేను బ్రేకు వేశాను. వేయమని ఆయన కూడా నా భుజం నొక్కాడు.

ఇద్దరం దిగాం. ఆవిడ తలెత్తి చూసి, ఏమీ లేదు, మీరు వెళ్ళండి అన్నట్టు చెయ్యి ఊపి మళ్ళీ వంగింది. వెళ్ళలేదు. రోడ్డుకి ఇవతల టీ కొట్టు దగ్గర నిలబడ్డాం. ఏ క్షణమైనా పిలుస్తుందని టీ కూడా నిలబడే తాగాం. ఆవిడ ఏదో బిగించింది, చేతులు తుడుచుకుంది, బానెట్ దించింది. కారు ఒక్క మాటుకే అందుకుంది.

"నా దగ్గరికి రావడం కూడా మానేసింది భయ్యా" అన్నాడు ఆయన, ఖాళీ గ్లాసులోకి చూస్తూ.

ఎన్నో నెలల తర్వాత ఆ రోజు నాకు టీ రుచి తెలిసింది.

"నేర్పింది మీరేగా" అన్నాను, ఓదార్పుగా.

"క్లిప్పులు మీవేగా" అన్నాడు ఆయన.

రెండూ నిజమే. మలుపు తిరిగి కారు కనపడకుండా పోయేదాకా ఇద్దరం అటే చూస్తూ నిలబడ్డాం.